పని నేర్పమని అడిగిన చమురు మంత్రి

దమ్మామ్, దహ్రాన్, జుబైల్‌లలో ఉండే మన తెలుగువారికి ఆరామ్‌కో పేరు కొత్తేమీ కాదు. ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, ఇంజనీర్లుగా మనవాళ్లు ఆ గేట్లలోకి ఏళ్ల తరబడి వెళ్లివస్తూనే ఉన్నారు. ఆ గేటు లోపల సౌదీ కుర్రాళ్లు కూడా ఇంజనీర్లు కావాలని, వాళ్లకు పని నేర్పాలని గట్టిగా అడిగిన మనిషి ఒకాయన ఉన్నారు. ఒపెక్ వ్యవస్థాపకుల్లో ఒకరిగా ప్రపంచానికి తెలిసిన ఆయన పేరు అబ్దుల్లా తరీకీ. సౌదీ అరేబియా తొలి చమురు మంత్రి.

రియాద్‌కు ఉత్తరాన జిల్ఫీ అనే ఊళ్లో 1919 ప్రాంతంలో ఆయన పుట్టారు. తండ్రిది ఒంటెల వ్యాపారం. కువైట్‌కు బిడారులు నడిపేవాడు. కుర్రాడు కువైట్‌లోనూ, తర్వాత కైరోలోనూ చదువుకుని, అక్కణ్నుంచి అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం చేరాడు. 1947లో పీజీ పూర్తయ్యాక టెక్సాకో కంపెనీలో ట్రైనీగా చేరి, చమురు పని దగ్గరుండి నేర్చుకున్నాడు. ఆరామ్‌కో యజమానుల్లో ఈ టెక్సాకో కూడా ఒకటి! అక్కడ ఆయన్ని మెక్సికో వాడనుకుని కొన్ని బార్ల నుంచి బయటికి పంపేసిన రోజులూ ఉన్నాయి.

1948లో తిరిగొచ్చి తూర్పు ప్రాంతంలో ప్రభుత్వం తరఫున చమురు లెక్కలు చూసే ఉద్యోగంలో కుదిరారు. అక్కడ చూసిందేమిటి? అమెరికన్లకు ఒక క్యాంపు, సౌదీలకు వేరే క్యాంపు. పెద్ద ఉద్యోగాలన్నీ వాళ్లవే. 1953లో దాదాపు 13 వేల మంది కార్మికులు సమ్మెకు దిగారంటే లోపల ఎంత మంట ఉందో మనం ఊహించుకోవచ్చు.

కంపెనీ ఏమీ నేర్పలేదని కాదు. దహ్రాన్‌లో జబల్ స్కూలు అని ఒకటి నడిపింది. అలీ అల్ నయీమీ అనే పిల్లవాడు 1947లో ఆఫీస్ బాయ్‌గా చేరి, కంపెనీ ఖర్చుతోనే అమెరికా వెళ్లి చదివొచ్చాడు. కానీ అలాంటివాళ్లు కొద్దిమందే. ఇది సరిపోదన్నది తరీకీ వాదన. పని నేర్పాలి, నేర్చినవాడికి పై కుర్చీ కూడా ఇవ్వాలి అని ఆయన పట్టుబట్టారు. సౌదీలో చట్టసభకు ఎన్నికలు లేవు. అడగమని ఆయన్ని ఎన్నుకుని పంపినవాళ్లూ లేరు. అయినా అడిగారు.

1959లో ఆరామ్‌కో బోర్డులోకి ఇద్దరు సౌదీలను తీసుకున్నారు. అందులో తరీకీ ఒకరు. 1960 సెప్టెంబరులో బాగ్దాద్‌లో ఒపెక్ పుట్టింది. అదే డిసెంబరులో ఆయన మంత్రి అయ్యారు. మాట దాచుకోలేని మనిషి కావడంతో పదవి ఎక్కువకాలం నిలవలేదు. 1962 మార్చిలో ఆయన్ని తప్పించి జకీ యమానీని తెచ్చారు. ఆ తర్వాత బీరూట్, కువైట్, కైరో అంటూ పరాయి ఊళ్లలోనే చాలాకాలం గడిచిపోయింది. 1997 సెప్టెంబరులో కైరోలో కన్నుమూశారు.

మరి ఆయన అడిగింది ఏమైంది? దిగిపోయిన మరుసటి ఏడాదే, 1963లో, దహ్రాన్‌లో పెట్రోలియం కాలేజీ పెట్టారు. 1964లో 67 మందితో తరగతులు మొదలయ్యాయి. 1980కల్లా కంపెనీ పూర్తిగా సౌదీల చేతికొచ్చింది. 1984లో నాటి ఆఫీస్ బాయ్ నయీమీ దానికి తొలి సౌదీ అధ్యక్షుడయ్యాడు. 1995లో చమురు మంత్రి కూడా అయ్యాడు. ఆ రోజుకి తరీకీ ఇంకా బతికే ఉన్నారు.

సౌదీకరణ అనే మాట వింటే మనకు గుండె దడ. అది సహజమే, మన బువ్వ సంగతి కదా! అయితే ఆయన అడిగింది కరీంనగర్‌లోనో కడపలోనో ఏ తండ్రైనా అడిగేదే. మా పిల్లలకు పని నేర్పండి అని. మన దేశంలోనూ 1961లోనే అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. ఐటీఐ చేసి, ఏదో ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఏడాది చెమటోడ్చి వచ్చినవాడికి ఇక్కడ ఒక జీతం. ఏమీ నేర్వకుండా లేబర్ వీసా మీద దిగినవాడికి ఒక జీతం. ఆ తేడా ఎంతో మనకు చెప్పక్కర్లేదు. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు, గల్ఫ్ వస్తానని తొందరపడే తమ్ముడికి ఆ ఒక్క ఏడాది ఆగి పని నేర్చుకు రమ్మని చెబుదాం.