రహీమ్ సాహెబు: మైదానమున ఉపాధ్యాయుడు

సాయంకాలపు గంట మ్రోగినతోడనే మన పాఠశాల బాలురు మైదానమునకు పరుగెత్తుదురు. వారిలో పెక్కండ్రు బంతి తమ పాదములయొద్దనే యుండవలెనని కోరుదురుగాని, తోటివానికి అందింప నిష్టపడరు. ఇట్టివారికొరకే మేము ఈ సంవత్సరము ఒక ఉపాధ్యాయుని చరిత్రమును వ్రాయ నుద్దేశించితిమి. ఆయన మన ఇబ్రహీంపట్నమునకు సమీపముననే యున్న హైదరాబాదు నగరమునకు చెందినవారు; పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

రహీమ్‌గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు స్థలముల పాఠశాలలలో బోధించిరి. పిదప వ్యాయామవిద్యయందును శిక్షణ పొందిరి. ఎల్లరును ఆయనను రహీమ్ సాహెబు అని గౌరవముతో పిలుచుచుండిరి. 1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, మరణపర్యంతము ఆ భారమును వహించిరి.

ఆ దినములలో మన దేశపు ఆటగాండ్రు బంతిని తామే చిరకాలము నడపి, జనుల చప్పట్లనందుటయే ప్రావీణ్యమని తలంచుచుండిరి. రహీమ్‌గారికి ఈ పద్ధతి సమ్మతము కాలేదు. బంతిని వెంటవెంటనే అందించుటయే తప్ప, ఒక్కడే నడపుకొనిపోరాదను నియమముతో ఆయన పోటీలు ఏర్పరచిరి. మరికొన్ని పోటీలలో బలహీనమైన పాదముతోనే బంతిని తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలిని, ఎడమకాలివాడు కుడికాలిని ఉపయోగింపవలెను. ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానము మన విద్యార్థులెరిగినదే. వాడక విడిచిన ఎడమకాలు సైతము భూమిలో పాతిపెట్టిన తలాంతువంటిదే గదా!

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సంవత్సరములు బొంబాయిలోని రోవర్సు కప్పును గెలుచుకొనెను. 1950లో డ్యూరాండు కప్పును సైతము సాధించెను. కలకత్తా జట్లకే పేరుండిన ఆ కాలమున, దక్కను నగరపు పోలీసు ఉద్యోగులు దేశమంతట ప్రఖ్యాతి గాంచిరి.

భారత జట్టునకును రహీమ్‌గారే శిక్షకులైరి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును 1–0 గోలుతో ఓడించి స్వర్ణపతకమునందిరి. కాని మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 గోళ్లతో పరాజయము కలిగెను. మనవారిలో అనేకులు చలిదేశమున బూట్లులేక ఆడిరి. రహీమ్‌గారు ఆ అవమానమునకు క్రుంగక, దానిని పాఠముగా గ్రహించిరి. హంగేరీవారి నూతన పద్ధతులను పరిశీలించి మనవారికి నేర్పిరి. ఫలితముగా 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున భారతదేశము ఆస్ట్రేలియాను 4–2 గోళ్లతో ఓడించి, నాలుగవ స్థానమును పొందెను. సికింద్రాబాదు ప్రాంతపు తులసీదాస్ బలరామ్‌గారు ఆ జట్టులోనివారే.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లునాటికి ఆయన ఆరోగ్యము చెడియుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనవారిని 2–0 గోళ్లతో ఓడించెను. తరువాత రక్షకుడైన జర్నైల్ సింగునకు తలపై గాయము తగిలెను. రహీమ్‌గారు ఆయనను కూర్చుండబెట్టక, ముందు వరుసకు మార్చి ఆడించిరి. అది సాహసమే, తప్పిన యెడల నింద యంతయు శిక్షకునిదే. సెప్టెంబరు 4వ తేదీన అంత్యపోటీలో మరల కొరియాయే ఎదురుపడెను. ప్రేక్షకులు మనకు ప్రతికూలురై కేకలు వేయుచుండిరి. హైదరాబాదున జన్మించిన తంగరాజు జ్వరపీడితుడయ్యును గోలుకు కాపుగా నిలిచెను. పి.కె. బెనర్జీ ఒక గోలును, గాయపడిన జర్నైల్ సింగు ఇంకొక గోలును చేయగా, భారతదేశము 2–1 గోళ్లతో గెలిచెను.

ఆ జయము గడచి సంవత్సరమైనను కాకమునుపే, 1963 జూన్ 11వ తేదీన రహీమ్‌గారు పుట్టకురుపు వ్యాధితో పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. ఆనాటినుండి నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాలులో స్వర్ణపతకము మనకు మరల లభింపలేదు. హైదరాబాదు ఫుట్‌బాలు ప్రాభవమును క్రమముగా క్షీణించెను. ఒక్క గురువు నాటిన విద్యను పిమ్మటివారు పోషింపనిచో అది ఎంత త్వరగా వాడిపోవునో మేము ఇందువలన గ్రహించుచున్నాము. ఇది పెద్దలమైన మాకును హెచ్చరికయే.

ప్రియ విద్యార్థులారా, రేపు సాయంకాలము మైదానమునకు పోయినప్పుడు, మీకంటె మంచి చోట నిలిచియున్న తోటివానిని చూచి బంతిని అతనికందింపుడు. మీ బలహీనమైన పాదమునకు సైతము పని కల్పింపుడు. రహీమ్ సాహెబునకు మనము చేయదగిన స్మారకము ఇదియే.