ముప్పై ఏడు రోజుల ఆలస్యం



కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని మన సామెత. అది కోపం తీర్చుకోవడానికి పనికి వస్తుందేమో గాని గాయానికి కాదు. బన్సీలాల్‌పేట్ సందుల్లో కుక్క కరిచి, రక్తం కారుతూ ఇంటికి వచ్చిన బిడ్డకు ఏమి చేయాలో తెలియాలంటే లూయీ పాశ్చర్ మహాశయుని జీవితాన్ని తలచుకోవాలి.

ఆయన 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలో, దోల్ పట్టణంలో జన్మించారు. తండ్రి తోళ్ళు పదునుచేసి బతికే మనిషి. 1831లో వారు నివసించే ఆర్బువా ప్రాంతంలో పిచ్చి తోడేలు పలువురిని కరిచింది. ఆనాటి చికిత్స కమ్మరి కొలిమిలో కాల్చిన ఇనుముతో వాత పెట్టడమే. అయినా కొందరు చనిపోయారు. ఎనిమిదేళ్ళ లూయీ ఆ ఊరి బాలుడే.

పెద్దవాడై రసాయన శాస్త్రజ్ఞుడయ్యారు. ముగ్గురు కుమార్తెలను పోగొట్టుకున్నారు. 1868లో పక్షవాతం ఎడమవైపును దెబ్బతీసింది. పని మాత్రం ఆపలేదు.

1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుణ్ణి ఆయన వద్దకు తెచ్చారు. రెండు రోజుల క్రితం పిచ్చికుక్క 14 చోట్ల కరిచింది. పాశ్చర్ వైద్యుడు కాడు. ఫలితం తెలియని టీకా వేయించాలా, బిడ్డను చావుకు వదిలేయాలా? ఎంతో మథనపడి, వైద్యుల చేత టీకా వేయించారు. బాలుడు బతికాడు.

అదే ఏడు నవంబరులో పదేళ్ళ లూయీజ్ పెల్లెతియేను తీసుకువచ్చారు. కాటు పడి అప్పటికే 37 రోజులు. ఆలస్యమైందని తెలిసీ ఆయన కాదనలేకపోయారు. డిసెంబరులో ఆ చిన్నారి కన్నుమూసింది.

ఎందువల్ల? రేబీస్ క్రిమి గాయం నుండి నరాల వెంట మెదడుకు పాకుతుంది. టీకా దానికంటే ముందుండాలి. లక్షణాలు బయటపడితే ఇక మందు పనిచేయదు.

కనుక రక్తం ధారగా చిమ్ముతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి పరుగెత్తండి. కొద్దిగా కారుతుంటే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టకండి. కుట్లకు తొందరపడకండి. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు గాయంలోనే వేసే సీరం కూడా కావాలి. గాంధీ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉన్నది. ఆ రోజే వెళ్ళండి, చెప్పిన తేదీలన్నిటికీ వెళ్ళండి. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచే పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఆ భయం వద్దు.

పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న మరణించారు. ఆయన మందు నేడు మన వాడలకు చేరింది. కాని తిడతారని భయపడి బిడ్డ కాటును దాచుకుంటే ఆ మందు ఏమి చేయగలదు? కరిస్తే వెంటనే వచ్చి చెప్పమని, తిట్టమని, ఈ రాత్రే మీ పిల్లలకు చెప్పండి.