జయాపజయాలను సమంగా ప్రకటించిన శస్త్రవైద్యుడు థియోడర్ బిల్‌రోత్
(ఫిబ్రవరి 6 డాక్టర్ బిల్‌రోత్ వర్ధంతి)

జీర్ణకోశ క్యాన్సర్ శస్త్రచికిత్స చరిత్రలో అగ్రస్థానం పొందిన మహనీయుడు డాక్టర్ థియోడర్ బిల్‌రోత్. ఉదరాన్ని తెరవడమే సాహసమనుకునే రోజుల్లో, క్యాన్సర్ సోకిన జీర్ణాశయ భాగాన్ని తొలగించి రోగి కోలుకునేలా చేసిన తొలి శస్త్రవైద్యుడు ఆయన. తన చేతిలో మరణించిన రోగుల వివరాలను సైతం దాచకుండా ప్రచురించడం ఆయనకు మరింత వన్నె తెచ్చింది.

బిల్‌రోత్ 1829 ఏప్రిల్ 26న ప్రష్యాలోని ర్యూగెన్ ద్వీపంలో, బెర్గెన్ పట్టణంలో జన్మించారు. మతబోధకుడైన తండ్రి ఆయన బాల్యంలోనే కన్నుమూశారు. సంగీతమంటే ప్రాణమైనా, తల్లి కోరిక మేరకు వైద్యవిద్య అభ్యసించి 1852లో బెర్లిన్‌లో పట్టా పొందారు. అనంతరం ప్రముఖ శస్త్రవైద్యుడు లాంగెన్‌బెక్ వద్ద సహాయకునిగా చేరారు. 1860లో లాంగెన్‌బెక్ స్థాపించిన శస్త్రచికిత్సా పత్రికకు సంపాదకులలో ఒకరయ్యారు.

అదే ఏడాది జ్యూరిచ్‌లో ఆచార్య పదవి చేపట్టారు. శస్త్రచికిత్సా రోగ విజ్ఞానంపై 50 ఉపన్యాసాలుగా ఆయన రచించిన గ్రంథం 1863లో వెలువడి అనేక భాషల్లోకి అనువాదమైంది. 1860 నుంచి 1867 వరకు తమ చికిత్సాలయంలో జరిగిన చికిత్సల ఫలితాలను 1869లో సమగ్ర నివేదికగా ప్రకటించారు. విజయాలను మాత్రమే చాటుకోవడం ఆనవాయితీగా ఉన్న ఆ రోజుల్లో మరణాలనూ లెక్కకట్టి చూపడం సామాన్యమైన విషయం కాదు. వియన్నాలోనూ ఆయన ఈ పద్ధతినే కొనసాగించారు.

1867లో వియన్నా విశ్వవిద్యాలయంలో చేరిన బిల్‌రోత్, 1873 డిసెంబరు 31న క్యాన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించారు. జీర్ణాశయం విషయంలో మాత్రం తొందరపడలేదు. ఆయన శిష్యులు గుసెన్‌బావర్, వినివార్టర్ శునకాలపై ప్రయోగాలు జరిపి, జీర్ణాశయపు చివరి భాగాన్ని తొలగించినా ప్రాణి జీవించగలదని 1876లో ప్రచురించారు. శవపరీక్షల రికార్డులను పరిశీలించగా, ఈ క్యాన్సర్‌తో మరణించిన వారిలో గణనీయమైన సంఖ్యలో వ్యాధి ఇతర అవయవాలకు పాకలేదని తేలింది. సకాలంలో తొలగిస్తే ప్రయోజనం ఉంటుందన్న ఆశకు ఇది ఆధారమైంది. 1877లో ఒక రోగి జీర్ణాశయానికి ఏర్పడిన రంధ్రాన్ని బిల్‌రోత్ కుట్టి మూశారు.

ఇంతలో 1879లో పారిస్‌లో పేయాన్, 1880లో రిడిగియర్ ఇదే ప్రయత్నం చేయగా వారి రోగులు మరణించారు. ఆ పరిస్థితుల్లో 1881 జనవరి 29న, ఎనిమిది మంది పిల్లల తల్లి అయిన 43 ఏళ్ల మహిళకు బిల్‌రోత్ శస్త్రచికిత్స చేశారు. సుమారు గంటన్నరలో కణితి ఉన్న భాగాన్ని తొలగించి, మిగిలిన జీర్ణాశయాన్ని చిన్నప్రేవు తొలి భాగానికి కలిపి కుట్టారు. ఆమె కోలుకున్నారు. ఫిబ్రవరి 4న వియన్నా వైద్య వారపత్రిక సంపాదకునికి లేఖ రూపంలో ఆ వివరాలను లోకానికి తెలియజేశారు.

అయితే క్యాన్సర్ కాలేయానికి వ్యాపించడంతో సుమారు నాలుగు నెలలకు ఆమె మరణించారు. తరువాత చేసిన రెండు శస్త్రచికిత్సల్లోనూ రోగులు దక్కలేదు. ఆయన చేసిన ఈ శస్త్రచికిత్సల వివరాలను శిష్యుడు వోల్ఫ్లర్ అదే సంవత్సరం గ్రంథంగా ప్రచురించారు. ఆ అనుభవాలే ఇతర వైద్యులకు మార్గదర్శకమయ్యాయి. 1885లో బిల్‌రోత్ రూపొందించిన రెండో విధానంతో కలిపి, ఈ రెండూ బిల్‌రోత్ 1, బిల్‌రోత్ 2 పేర్లతో నేటికీ వైద్య విద్యార్థుల పాఠ్యాంశాలుగా ఉన్నాయి.

ఆయన జీవితంలో మచ్చ లేకపోలేదు. వైద్యవిద్యపై 1876లో వెలువడిన గ్రంథంలో యూదు విద్యార్థుల గురించి ఆయన చేసిన వ్యాఖ్యలు తీవ్ర అలజడికి దారితీశాయి. తదనంతర కాలంలో ఆయన యూదు వ్యతిరేకతను ఎదుర్కొనే సంఘంలో చేరారు.

నర్సుల శిక్షణ కోసం 1882లో ప్రారంభమైన రుడోల్ఫినర్‌హౌస్ ఆయన కృషి ఫలితమే. సంగీతకారుడు బ్రామ్స్ ఆయనకు ఆప్తమిత్రులు. రెండు వాద్య రచనలను ఆయనకు అంకితమిచ్చారు. మికులిచ్, చెర్నీ వంటి శిష్యులు ఆయన బాటను విస్తరించారు.

1894 ఫిబ్రవరి 6న, నేటి క్రొయేషియాలోని ఒపాటియాలో బిల్‌రోత్ తుదిశ్వాస విడిచారు. ఓటమిని దాచిన వైద్యుని వల్ల మరో రోగికి అదే ప్రమాదం ఎదురవుతుందని, దాన్ని ప్రకటించిన వైద్యుని వల్ల ఆ రోగికి రక్షణ లభిస్తుందని నిరూపించిన ఆయన చిరస్మరణీయులు.