నాగేశ్వరరావు పంతులుగారి వ్యాపారదీక్ష

గ్రంథాలయ రజతోత్సవ వేళ గ్రంథదాతలను స్మరించుట మన విధి. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి దాతృత్వమును కొనియాడువారు పెక్కురు గలరు. ఆ దానమునకు ధన మెట్లు సమకూడెనో విచారించువా రరుదు. గ్రామపు లెక్కలు వ్రాసి జీవించిన నాకు జమ చూడక ఖర్చును మెచ్చుట చేతకాదు. కావున వారి వ్యాపార జీవితమును సంగ్రహముగా విన్నవించుచున్నాను.

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి 1891లో పట్టభద్రులైరి. ఆనాడు పట్టభద్రుల చూపు సర్కారు కొలువుపై నుండెడిది. వారు వర్తకమును వరించిరి. మద్రాసులో మొదలిడిన వ్యాపారము కలిసిరాలేదు. అంతట కలకత్తా కేగి మందుల వర్తకమున కొంతకాలము గడపి, పిదప బొంబాయి చేరి యొక దొరల కంపెనీలో పనిచేసిరి. ఓటమి యనంతరము పరుల కొలువున నుండి పని నేర్చుటకు వారు సిగ్గుపడలేదు.

1893లో బొంబాయిలోనే అమృతాంజనమును స్థాపించిరి. పేరెరుగని లేపనమును కొనువా రెవరు? సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. క్రొత్త వర్తకుడు సరకు నూరక యిచ్చుట నష్టమువలె దోచును. రైతు గాదెలోని గింజను పొలమున చల్లుటయు నట్టిదే గదా! ఆ విత్తనము ఫలించెను.

పిమ్మట కష్టములు వేరు రూపు దాల్చెను. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. పాఠకులు తెలుగునాట, అచ్చుకూటము బొంబాయిలో! 1914లో పత్రికను మద్రాసునకు తరలించి, ఏప్రిల్ 1వ తేదీనుండి దినపత్రికగా నడిపిరి. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వెలసెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణము ఆ గ్రంథమాలలో వెలువడినదే. వీని కన్నింటికిని అమృతాంజనపు రాబడియే యండ.

ఒక ఖాతాలోని లాభమును వేరొక ఖాతాకు పెట్టుట లెక్కల వానికి రుచింపదు. అట్లు చేసి మునిగిన వర్తకులు కోకొల్లలు. పంతులుగారు మునుగక పోవుటకు కారణ మేమి? వారు పాలను పంచిరేగాని పాడియావును తెగనమ్మలేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగిరి. యజమాని చెరలో నున్నను సంస్థ నిలువవలెను. ఇది నాయకునికి గట్టి పరీక్ష. 1936లో అమృతాంజనము వాటాదారుల కంపెనీగా మారెను. 1938 ఏప్రిల్ 11వ తేదీన వారు కీర్తిశేషులు కాగా, అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు కంపెనీని, పత్రికను గూడ నిర్వహించిరి. ఒక్కని చేతి పనిని పలువురి చేతుల కప్పగించుటయే సంస్థకు ఆయుర్దాయము.

ఆంధ్రపత్రికయు భారతియు 1991లో నిలిచిపోయినవి. అమృతాంజనము మాత్రము నేటికిని ఇంటింట నున్నది. మన యువకులు విశ్వదాత చేతి దానమును మాత్రమేగాక, ఆ చేతికి పని నేర్పిన ఓర్పును గూడ గ్రహింతురు గాక! ఇచ్చుటకు ముందు ఆర్జింప నేర్చినవాడే చిరకాలము ఈయగలుగును.