నవ్వించిన శివరావుగారు

నాచారంలో ఎన్.టి. రామారావుగారు కట్టించిన రామకృష్ణా స్టూడియో ఉప్పల్ ప్రాంతపు మన సభ్యులందరికీ తెలిసిందే. రామారావుగారు ‘మనదేశం’లో చిన్న వేషంతో తెరకు పరిచయమైన 1949లోనే, కె.వి. రెడ్డిగారి ‘గుణసుందరి కథ’లో దైవాధీనంగా నాయకపాత్ర ధరించి మెప్పించినవారు కస్తూరి శివరావుగారు. ఆయన పేరు మన మనవలు విని ఉండరు.

1913లో కాకినాడలో జన్మించిన శివరావుగారు, మూకీ సినిమాల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెబుతూ జనాన్ని నవ్వించేవారు. 1939లో ‘వరవిక్రయం’తో సినిమాల్లో ప్రవేశించారు. పదేళ్ళలో ఆంధ్రదేశమంతటా ఆయన పేరు మారుమోగింది. బ్యూక్ కారు కొన్నారు. 1950లో అక్కినేనివారు నటించిన ‘పరమానందయ్య శిష్యులు’ చిత్రానికి దర్శకత్వం వహించారు.

తెర వెనుక జీవితం వేరు. వచ్చిన సొమ్ము వచ్చినట్టే ఖర్చయింది. తాగుడు తోడయింది. రేలంగిగారి వంటివారు ముందుకు రావడంతో ఈయనకు వేషాలు తగ్గాయి. కలిమినాటి హంగు ఒక్కటీ మిగలలేదు. చిన్న చిన్న వేషాలతో రోజులు నెట్టుకొచ్చి, 1966లో, యాభై మూడేళ్ళకే, లేమిలో కన్నుమూశారు.

నెలనెలా పెన్షను వచ్చే వృత్తి కాదది. మనకు ఆ నిశ్చింత ఉంది. అయితే పలకరించేవారు లేని లోటును పెన్షను తీర్చదు. మంచాన పడి, సమావేశాలకు రాలేకపోతున్న మిత్రులు మనలోనూ ఉన్నారు. ఒకప్పుడు ఆఫీసులో మనల్ని నవ్వించినవారే వారిలో కొందరు. ఈ నెలలో ఒక్కరి ఇంటికైనా వెళ్ళివద్దాం.