దారాషుకో: గెలువని రాజు, నిలిచిన గ్రంథము

రాజ్యములు గెలిచినవారి చరిత్రములు లోకమునకు సుపరిచితములు. రాజ్యమును, ప్రాణమును గోల్పోయియు లోకమునకొక నిధిని విడిచిపోయిన రాజకుమారుని చరిత్రమును నేడు పాఠకులకు జ్ఞప్తి చేయగోరుచున్నాము.

షాజహాను చక్రవర్తి జ్యేష్ఠపుత్రుడగు దారాషుకో 1615వ సంవత్సరమున ఆజ్మీరులో జన్మించెను. యౌవనముననే లాహోరులోని సూఫీ మహాత్ముడగు మియాన్ మీరును దర్శించెను. పిదప ఆయన శిష్యుడగు ముల్లా షా వలన ఖాదిరీ సంప్రదాయమున దీక్షనొంది, నామస్మరణమును, శ్వాసనియమమును అభ్యసించి, ఆ సాధనములను గూర్చి గ్రంథము రచించెను. స్వమతమున నింతటి నిష్ఠ యుండుటచేతనే పరమతమును జూచి యాతడు వెఱవలేదని మా యభిప్రాయము.

1653లో కాందహారు ముట్టడియందు విఫలుడై లాహోరునకు మరలివచ్చినపుడు బాబాలాలు అను హిందూయోగిని సేవించి, విగ్రహారాధనము మొదలగువానిపై తన సందేహములను శిష్యునివలె నడిగి తెలిసికొనెను. రెండు సముద్రముల సంగమమను నర్థముగల 'మజ్మ ఉల్ బహ్రైన్' అను గ్రంథమున సూఫీల పరిభాషను, వేదాంతుల పరిభాషను సరిపోల్చి చూపెను. 1657లో కాశీపండితులను, సన్యాసులను ఢిల్లీకి రప్పించి, వారి సాహాయ్యమున సుమారు 50 ఉపనిషత్తులను పారసీకమున ననువదించెను. ఇతరుల మతమును వదంతుల వలన గాక, వారి గ్రంథములనుండి, వారి పండితుల ముఖమున గ్రహింపవలయునను నియమమే యాతని ఘనత.

దారా దోషరహితుడని మేము చెప్పము. సేనానాయకత్వమున నసమర్థుడు, అహంకారముచే ప్రభువులను బెక్కుమందిని దూరము చేసికొనెను. ఆ లోపములకు ఫలము త్వరలోనే యనుభవింపవలసివచ్చెను. తండ్రి వ్యాధిగ్రస్తుడు కాగా, వారసత్వ యుద్ధము చెలరేగెను. 1658 మే నెలలో సాముగఢ్ వద్ద ఔరంగజేబు చేతిలో నోడి, పంజాబు, సింధు, గుజరాతు దేశములు తిరిగెను. దారిలో భార్య నాదిరాబాను మరణించెను. ఆశ్రయమిచ్చిన మాలిక్ జీవన్ శత్రువుల కప్పగించెను. ఢిల్లీవీథులలో దీనవేషమున నేనుగుపై ఊరేగింపబడిన యాతనిజూచి పౌరులు కంటతడి పెట్టిరి. 1659 ఆగష్టు నెలలో మతభ్రష్టుడను నేరము మోపి వధించిరి. రాజ్యలోభమునకు మతము ముసుగైనది.

అయినను గ్రంథము చావలేదు. ఆ పారసీకానువాదమును ఫ్రెంచి విద్వాంసుడు ఆంక్వెతిల్ దుపెరాన్ లాటినులోనికి మార్చి 1801-02లో ప్రకటించెను. జర్మను తత్త్వవేత్త షోపెన్‌హోవరు ఉపనిషత్తులను జదివినది దానియందే. ఢిల్లీలో తలగోల్పోయినవాని కృషిచే మన వేదాంతము ఐరోపాఖండమునకు చేరెను.

తెనుగున చిలుకూరి నారాయణరావుగారు ఖురానునకు అనువాదము చేసి యీ మార్గమునే త్రొక్కిరి. పొరుగువాని పండుగకు బోయి భుజించుట సులభము. వాని గ్రంథమును శ్రద్ధతో జదువుట కష్టము. మన యిండ్లలోని పుస్తకపు బీరువాలు పరిశీలించుకొనిన, దారా విడిచిన పని యెంత మిగిలియున్నదో పాఠకులకే తెలియగలదు.