ఓరుగల్లు కోట నుంచి ఢిల్లీ వజీర్ గద్దె దాకా: మాలిక్ మక్బూల్ తెలంగాణీ

ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లు మీదికి ఒక్కసారి రాలేదు, పదే పదే వచ్చాయి. 1303లో కరీంనగర్ జిల్లా ఉప్పరపల్లి దగ్గర కాకతీయ సేన అల్లావుద్దీన్ ఖిల్జీ దండును ఓడించి పంపింది. 1310లో మాలిక్ కాఫుర్ ఆదిలాబాద్ వైపున సిర్పూర్ కోటను పట్టుకుని, అటు నుంచి ఓరుగల్లు చేరాడు. ప్రతాపరుద్రుడు కప్పం ఇచ్చి రాజధానిని కాపాడుకున్నాడు.

ఆ తర్వాత వచ్చినవాడు ఉలుగ్ ఖాన్. సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు, తర్వాతి రోజుల్లో ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా పేరుపడ్డది ఇతనే. మొదటిసారి కోటను చుట్టుముట్టినప్పుడు ఢిల్లీ నుంచి టపా రావడం ఆగిపోయింది. సుల్తాన్ చనిపోయాడని దండులో పుకారు లేచింది. సర్దార్లు తలో దిక్కు పోయారు, ముట్టడి చెదిరిపోయింది. ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనక్కి తగ్గి, కొత్త సైన్యంతో మళ్లీ కదిలాడు. బీదర్ పట్టుకున్నాడు, మన పక్కనున్న బోధన్ పట్టుకున్నాడు, నేరుగా ఓరుగల్లు మీద పడ్డాడు. నెలల తరబడి ముట్టడి సాగింది. 1323లో కోట లొంగిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపితే దారిలోనే చనిపోయాడు.

కాకతీయుల కథ అక్కడితో అయిపోయింది. కానీ ఆ కొలువులో ఉన్న ఒక మనిషి కథ అక్కడే మొదలైంది.

ఆయన ప్రతాపరుద్రుడికి నమ్మకస్తుడు. మారన కవి మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన గన్న సేనాని ఇతనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. రాజు పోయాక ఇస్లాం స్వీకరించాడు. మక్బూల్ అనే పేరు వచ్చింది. ఆయనకు చదవడం, రాయడం రాదని షంస్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. తెలివి మాత్రం అపారమని కూడా ఆయనే రాశాడు. ఆ తెలివితోనే ముల్తాన్ బాధ్యతలు చూశాడు, నాయబ్ వజీర్ అయ్యాడు.

తర్వాత సొంత గడ్డ మీదికే అధికారిగా వచ్చాడు. అప్పటికి ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరగబడి కోటను గెలుచుకున్నాడు. మక్బూల్ ఢిల్లీకి వెళ్లిపోవలసి వచ్చింది. అంటే ఒకే కోటను రెండుసార్లు పోగొట్టుకున్నాడు. ఒకసారి కాకతీయుల మనిషిగా, ఇంకోసారి ఢిల్లీ మనిషిగా.

1351లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ సింధులో మరణించాడు. ఢిల్లీలో ఉన్న వజీర్ ఖ్వాజా జహాన్ ఒక పిల్లవాణ్ణి గద్దెనెక్కించాడు. మక్బూల్ ఆ పక్షాన నిలవలేదు. ఊరు దాటి ఫిరోజ్ షా దగ్గరికి చేరాడు. ఫిరోజ్ షా ఆయన్ను వజీర్‌ను చేసి ఖాన్-ఎ-జహాన్ బిరుదు ఇచ్చాడు.

ఫిరోజ్ షా దండయాత్రలంటూ ఏళ్లకేళ్లు బయటే ఉండేవాడు. బెంగాల్ వెళ్లినా, థట్టా వెళ్లినా ఢిల్లీ బాధ్యత మక్బూల్‌దే. థట్టా దండయాత్రలో సుల్తాన్ సైన్యం కచ్ రణ్‌లో దారి తప్పింది. నెలల తరబడి కబురు లేదు. నగరంలో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు మక్బూల్ సుల్తాన్ క్షేమంగా ఉన్నాడంటూ ఒక ఫర్మాన్‌ను తానే తయారు చేయించి చదివించాడు. జనం కుదుటపడ్డారు. రాజు లేని రాజధాని చెక్కుచెదరలేదు. ఒక్క పుకారు ఎంత పెద్ద సైన్యాన్నైనా ఎట్లా చెదరగొడుతుందో ఓరుగల్లు ముట్టడి నాడు చూసిన తరం ఆయనది.

1369 ప్రాంతంలో ఆయన మరణించాక కొడుకు జునాన్ షా వజీర్ అయ్యాడు. ఢిల్లీలో ఖిడ్కీ మస్జిద్, కలాన్ మస్జిద్ కట్టించింది ఆ కొడుకే.

తెలుగువాడు, ముస్లిం అన్న రెండు మాటలు ఒక మనిషిలో ఎట్లా ఇముడుతాయని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఢిల్లీ మాత్రం ఆయన్ను తెలంగాణీ అనే పిలిచింది. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దర్గా ఉన్న బస్తీలోనే, ఎనిమిది పలకలుగా కట్టిన ఆయన సమాధి ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి జియారత్‌కు వెళ్లే కుటుంబాలు పిల్లలను అక్కడికి కూడా ఒకసారి తీసుకెళ్లి ఒక ఫాతిహా చదివితే బాగుంటుంది.